కామాఠీపురనుండి కుంభారి వరకు: మహారాష్ట్రమున తెలుగువారి యింటి సమస్య

బొంబాయి నగరమున నాగ్‌పాడాకును గ్రాంటు రోడ్డుకును నడుమ కామాఠీపుర అను పేట కలదు. ఆ పేరులోని మాట మనదే. తెలుగున కామాటి యనగా కూలిపని చేయువాడు, మట్టి త్రవ్వువాడు, గోడ కట్టువాడు. నిజాము రాజ్యములోని తెలుగు సీమలనుండి పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగము మొదలు బొంబాయి చేరిన మనవారిని ఆ నగరము ఈ పేరుతోనే గుర్తించెను. వారు గుడిసెలు వేసికొన్న పల్లపు నేలకు వారి పేరే స్థిరపడెను. ఒక మహానగరపు పటముమీద మన కూలివాని పేరు రెండు వందల యేండ్లకు పైగా నిలిచియుండుట సామాన్య విషయము కాదు.

ఆ పేటను సమూలముగా కూల్చి క్రొత్తగా కట్టించు పథకమునకు మహారాష్ట్ర ప్రభుత్వము 2023 జనవరిలో ఆమోదము తెలిపెను. ఇరువదియేడు ఎకరములకు పైబడిన నేల, అంకెలతో పిలువబడు సందులు, నూరేండ్లు దాటిన వందలాది కట్టడములు, వేలాది కుటుంబములు ఇందు చేరినవి. పథకము మాట పుట్టినది మొదలు పేటలో ఏకాభిప్రాయము లేదు. ఇంటి యజమాని కోరునది ఒకటి. అద్దెకున్నవాడు కోరునది మరియొకటి. అంగడివాని భయము వేరు. చీటీ లేక తలదాచుకొన్నవాని భయము వేరు. ఈ తగవు నేటిది కాదు. 1896 తరువాత బొంబాయి తన పేదల యిండ్లను చక్కదిద్దబూనిన ప్రతి పర్యాయమును ఇదియే తగవు పుట్టెను.

ఆ చరిత్రను వరుసగా పరిశీలించినచో ఒక విషయము తేటపడును. గొప్ప నిర్మాణ పథకమునందు ఇల్లు పొందువాడు లెక్కలో పేరు పడినవాడు. పేరు పడనివాడు పాత గోడలతోపాటు తొలగిపోవును. కావున ఎన్ని అంతస్తులు, ఎన్ని చదరపు అడుగులు అను ప్రశ్నలకు ముందు అడుగవలసినది, ఆ లెక్క వ్రాయువారెవరు, వ్రాయించుకొనువారెవరు అను ప్రశ్న. ఇందు బొంబాయి వృత్తాంతమును మొదట చెప్పి, దానికి భిన్నముగా నడచిన షోలాపురపు వృత్తాంతమును తుదకు చెప్పెదను.

కామాఠీలు, వారి పేట

బొంబాయి మొదట కొన్ని దీవుల సముదాయము. వర్లీవద్ద సముద్రపు పోటునీరు లోనికి చొరబడి నడుమ పల్లములను ముంచుచుండెడిది. గవర్నరు హార్న్‌బీ కాలమున ఆ గండిని పూడ్చి కట్ట వేయుట 1784 ప్రాంతమున ముగిసెను. 1793లో బెలాసిస్ రోడ్డు ఏర్పడెను. నీరు తీసిన ఆ పల్లములలోనే మన కూలివారు కాపురములు పెట్టిరి. మంచి మెరక నేల వారికి అందునది కాదు.

నగరము పెరిగిన కొలది వారి పనియు పెరిగెను. 1860వ దశకమున పాత కోటగోడలను పడగొట్టి నగరమును విస్తరించినప్పుడు, రేవులును రైలు మార్గములును నూలు మిల్లులును కట్టినప్పుడు, రాయి మోసినవారిలోను సున్నము కలిపినవారిలోను కామాఠీలు ముఖ్యులు. వారిలో కొందరు గుత్తేదారులై ధనము గడించిరి. జాయా కరాడి లింగు, వ్యంకు బాళాజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు మొదలగు తెలుగు ప్రముఖులు, 1873లో జోతిరావు ఫూలే పూనాయందు స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచిరి. మహారాష్ట్రపు సంఘసంస్కరణ చరిత్రలో మనవారి భాగము ఎంతటిదో దీనివలన తెలియును.

కాని ఆ పేరుకు మరియొక గతియు పట్టినది. పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున వేశ్యావాటికలు కామాఠీపుర సందులలో చేరెను. కాలక్రమమున లోకమునకు ఆ పేట యనగా అది యొక్కటియే స్ఫురించుచు వచ్చెను. అందు గౌరవముగా కాపురముండి, కూలియో వ్యాపారమో చేసికొనుచు, పిల్లలను చదివించుకొన్న కుటుంబములు తమ చిరునామా చెప్పుటకు సంకోచింపవలసి వచ్చెను. ఇండ్లు కట్టినవారి పేరు ఇట్లు నిందకు గురియగుట చరిత్రలోని అన్యాయములలో ఒకటి. పేటను మార్చవలెనన్న కోరిక అచ్చటి కుటుంబములలో ఏల బలముగా ఉన్నదో ఈ సంగతి నెరిగిననే గాని బోధపడదు.

మహామారి, ఇంప్రూవ్‌మెంటు ట్రస్టు

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతమున ప్లేగు వ్యాధి కలదని వైద్యుడు అకాసియో వీగస్ గుర్తించెను. లక్షలాది జనులు నగరము విడిచి పారిపోయిరి. అధికారులు ఇండ్లు సోదా చేసి రోగులను బలవంతముగా ఆసుపత్రులకు తరలించిరి. నివాసమునకు తగవని తోచిన యిండ్ల గోడలమీద గుర్తులు వ్రాసిరి. 1898 మార్చి 9వ తేదీన రోగిని తీసికొనిపోవచ్చిన అధికారులను కామాఠీపురకు సమీపముననే రిప్పన్ రోడ్డు చేనేతవారు ఎదిరింపగా కల్లోలము చెలరేగెను. రోగమును నిర్మూలింపవలెనన్న ఉద్దేశమున దోషము లేదు. కాని ఇంటివానితో మాట లేకుండ ఇంటిలో చొరబడుట జనులు సహింపలేదు.

ఆ 1898లోనే చట్టము చేసి బొంబాయి నగర ఇంప్రూవ్‌మెంటు ట్రస్టును నెలకొల్పిరి. ఇరుకు సందులను కూల్చి, విశాలమైన వీథులు వేసి, పేదలకు గాలి వెలుతురు గల గదులు కట్టించుట దాని ధ్యేయము. అది మొదట చేపట్టిన పథకములలో కామాఠీపురకు పొరుగునున్న నాగ్‌పాడా ఒకటి. ట్రస్టు చేసిన మేలు లేకపోలేదు. ప్రిన్సెస్ స్ట్రీటు, సాండ్‌హర్స్ట్ రోడ్డు, దాదరు మాటుంగా ప్రాంతములు దాని కృషియే. దాని అధ్యక్షులలో ఒకడైన జె. పి. ఆర్ ప్రతి గదికిని ఆకాశము కనబడవలెనని పట్టుబట్టి, ఎదుటి కట్టడము ఎంత యెత్తు ఉండవచ్చునో నిర్ణయించుటకు 63½ డిగ్రీల వెలుతురు నియమమును ప్రచారమునకు తెచ్చెను.

అయినను తొలి సంవత్సరములలో ట్రస్టు కూల్చిన గదులకు సరిపడునన్ని గదులు కట్టలేకపోయెను. కట్టిన గదుల అద్దెయు కూలివానికి అందునది కాలేదు. ఇల్లు కోల్పోయినవాడు ప్రక్క పేటకు పోయి అచ్చటి ఇరుకును మరింత పెంచెను. రోగపు గూడును ఒకచోట కూల్చిన, అది పొరుగున మొలచెను. యజమానులు నష్టపరిహారమునకై న్యాయాధికారుల నాశ్రయించిరి; వారికి దస్తావేజులుండెను. అద్దెకున్నవానికి చెప్పుకొనుటకు చోటే లేదు. ట్రస్టు బాధ్యతలు 1933లో నగరపాలక సంస్థలో విలీనమైనవి.

చాళ్లు

బొంబాయి కార్మికుని నివాసము చాళు. పొడుగైన వరండా, దాని వెంబడి వరుసగా ఒంటి గదులు, చివర నీటి కొళాయి, మరుగుదొడ్లు — ఇదియే దాని రూపము. ఇరువదవ శతాబ్ది ఆరంభమున నగరజనులలో అత్యధికులు ఇట్టి ఒంటి గదులలోనే బ్రదికిరి. తెలంగాణమునుండి మిల్లు పనికి వచ్చిన పద్మశాలి కుటుంబములు వర్లీ, ప్రభాదేవి ప్రాంతములలో స్థిరపడినవి. వరండా వారికి కేవలము నడవ కాదు. బ్రతుకమ్మ పేర్చినది అచ్చటనే. ఊరినుండి క్రొత్తగా వచ్చినవాడు మొదటి రాత్రి పండుకొన్నదియు అచ్చటనే.

1920లో గవర్నరు జార్జి లాయిడ్ హయాములో బొంబాయి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు ఏర్పడెను. కార్మికులకు 50,000 గదులు కట్టింతుమని అది ప్రకటించెను. నగరమునకు దిగుమతియగు ప్రతి ప్రత్తి బేలుమీద ఒక రూపాయి సుంకము విధించి ధనము కూర్చిరి. తుదకు వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివడీ ప్రాంతములలో 207 చాళ్లు మాత్రమే లేచినవి. ఒక్కొక్క చాళునకు 80 గదులు; గది వైశాల్యము 160 చదరపు అడుగులు. నేటికిని ఆ శాఖ పేరులోని మొదటి అక్షరములతో అవి బి.డి.డి. చాళ్లుగా ప్రసిద్ధములు.

కట్టిన తరువాత చాల కాలము ఆ గదులలో అనేకములు ఖాళీగా పడియుండెను. సిమెంటు గోడలు, చాలని వెలుతురు, అధికమైన అద్దె, మిల్లులకు దూరము — ఇవి కారణములు. కార్మికునికి ఏమి కావలెనో కార్మికుని అడుగలేదు. 1930వ దశకమున శాసనోల్లంఘన కాలమందు వర్లీ చాళ్లలో కొన్నిటిని ప్రభుత్వము తాత్కాలిక కారాగారముగా వాడుకొనెను. గృహముగా ఉద్దేశింపబడిన కట్టడము చెరసాలగా ఉపయోగపడుటను మించి ఆ పథకపు లోపమును తెలుపు సాక్ష్యము అక్కరలేదు. కాని మనుష్యులు ఎట్టి గోడలనైనను ఇల్లుగా మార్చుకొందురు. తరములు గడచిన పిమ్మట ఆ చాళ్లే సంఘములకు, వ్యాయామశాలలకు, భజన మండలులకు, కార్మికోద్యమములకు పుట్టినిండ్లైనవి.

అద్దె చట్టము, దాని ఫలితము

రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఇండ్ల కరవు తీవ్రము కాగా 1947లో బొంబాయి అద్దె నియంత్రణ చట్టము వచ్చెను. 1940 సెప్టెంబరు 1వ తేదీ నాటి అద్దెను ప్రామాణికముగా నిలిపిరి. ఆ చట్టమే లేకున్నచో నగర మధ్యమున పేద కుటుంబమేదియు మిగిలియుండెడిది కాదు. ఇది దాని మేలు. అద్దె అర్ధ శతాబ్దము కదలకుండుటచే యజమాని మరమ్మతు మానుకొనెను. ఇది దాని కీడు. ఆ రెంటి నడుమ ‘పగడీ’ అను ఆచారము బలపడెను. అద్దె హక్కునే పెద్ద మొత్తమునకు చేతులు మార్చి, అందులో యజమానికి వాటా ఇచ్చు ఏర్పాటు అది. ఇట్లు కిరాయిదారు సగము యజమానియయ్యెను. యజమాని పేరునకు మాత్రమే యజమానిగా మిగిలెను. ప్రామాణిక అద్దెను అట్లే బిగించియుంచుట న్యాయసమ్మతము కాదని సుప్రీముకోర్టు 1997 డిసెంబరులో అభిప్రాయపడెను. 2000లో క్రొత్త అద్దె చట్టము అమలునకు వచ్చెను.

ఈలోగా పాత యిండ్లు కూలుట మొదలిడెను. 1969లో చట్టము చేసి, 19,000కు పైగా పాత కట్టడములనుండి సెస్సు వసూలు చేసి మరమ్మతు చేయించుటకు ఒక బోర్డును నియమించిరి. తరువాత 1976 నాటి చట్టమున ఏర్పడి మ్హాడా అని పిలువబడు గృహనిర్మాణ సంస్థ ఆ భారమును స్వీకరించెను. 1986లో ఆ చట్టమునకు ఒక అధ్యాయము చేర్చిరి. సెస్సు కట్టడములో నివసించువారిలో నూటికి 70 మంది సహకార సంఘముగా ఏర్పడి కోరినచో, నెలసరి అద్దెకు నూరు రెట్ల మొత్తము యజమానికి చెల్లించి ఆ స్థలమును సేకరించి సంఘమునకు ఇయ్యవచ్చునని దాని సారాంశము. యజమానులు దీనిని ప్రతిఘటించి సుప్రీముకోర్టునకు ఎక్కిరి. ఆ వ్యాజ్యమునందు పుట్టిన రాజ్యాంగ ప్రశ్నకు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2024 నవంబరు 5వ తేదీన సమాధానము చెప్పెను. ప్రతి వ్యక్తిగత ఆస్తియు సమాజపు భౌతిక వనరు కాజాలదని అధిక సంఖ్యాకులు తీర్పునిచ్చిరి. 1992లో సుప్రీముకోర్టు చేరిన వ్యాజ్యమున ఆ యొక్క ప్రశ్నకు బదులు వచ్చుటకు 32 సంవత్సరములు పట్టెను. ఆ కాలమున గోడలు మాత్రము వేచియుండలేదు.

2017 ఆగస్టు 31వ తేదీన భేండీ బజారులో హుసైనీ భవనము కూలి 33 మంది మరణించిరి. ఆ బజారు మొత్తమును తిరిగి కట్టు పథకములో ఆ కట్టడమును చేరియుండెను. కొన్ని కుటుంబములు ముందే వేరుచోటికి పోయినవి. కొన్ని యింకను అందే యుండినవి. కూల్చుటకు పూర్వమే కూలినది. వాదము ఎంత న్యాయమైనదైనను కాలయాపన ప్రాణములు తీయగలదని ఈ దుర్ఘటన తెలుపుచున్నది. పథకములను శంకించువారు దీనిని మరువరాదు.

నేటి కామాఠీపుర వాదము

ఈ పూర్వరంగమును మనసున నుంచుకొని నేటి తగవును చూడవలెను. అద్దె కుటుంబమునకు 500 చదరపు అడుగుల యిల్లు ఉచితముగా ఇచ్చి, స్థల యజమానికి అతని స్థలమును బట్టి ఇండ్లు కేటాయించి, మిగిలిన నిర్మాణమును అమ్మి ఖర్చు రాబట్టుకొనుట పథకపు సారము. ఒక్కొక్క కట్టడమును వేరుగా కట్టినచో చిన్న స్థలములలో వీథులు, నీరు, వెలుతురు కుదరవు గనుక పేటనంతటిని ఒక్క సముదాయముగా తీసికొనిరి.

ఇందు ఎవరి మాటను వారి స్థానమునుండి వినవలెను. అద్దెకున్న గృహిణి యిట్లనును: నూరు చదరపు అడుగుల గది, వరండా చివర మరుగుదొడ్డి, వానకాలమున కారు పైకప్పు — నా తల్లి ఇట్లు గడపినది, నేనిట్లు గడపితిని, నా బిడ్డయు ఇట్లే గడపవలెనా? యజమాని యిట్లనును: మా తాత చెమటోడ్చి కొన్న నేలకు తరముల తరబడి నామమాత్రపు అద్దె తీసికొంటిమి, ఇప్పుడు మా నేలమీద పరులకు మేడలు లేచునప్పుడు మాకు దక్కునది రెండు మూడు ఇండ్లేనా? క్రింది అంతస్తున చిన్న కార్ఖానా నడుపువాడు యిట్లనును: నా పని వీథికి ఆనుకొని యున్నది, నన్ను పదవ అంతస్తునకు ఎక్కించిన నా బేరము ఎక్కడ?

ఈ ముగ్గురికిని ఏదో ఒక కాగితము కలదు; కనుక వారి వాదము వినబడుచున్నది. నాలుగవవారి గొంతు వినబడదు. అద్దెదారునివద్ద గదిలో మూల అద్దెకు తీసికొన్నవాడు, మంచము లెక్కన రాత్రికి సొమ్ము చెల్లించువాడు, బ్రతుకుదెరువునకు ఆ సందులలో చిక్కిన స్త్రీ — వీరి పేర్లు ఏ పట్టికలోను ఉండవు. పేట శుభ్రపడవలెనన్న కోరిక సరియైనదే. కాని శుభ్రపడుట యనగా ఈ నాలుగవ వర్గమును మరియొక పేటకు తరుముట కారాదు. నాగ్‌పాడాలో నూరేండ్ల క్రిందట జరిగినది అదియే.

ఇక పేరు విషయము. పేటతోపాటు పేరును మార్చిన మచ్చ పోవునని కొందరు తలంపవచ్చును. మచ్చ ఆ పేరు తెచ్చినది కాదు. ఆ పేరునకు ఇతరులు అంటించినది. రాయి మోసిన మన పూర్వులకు ఆ నగరమున వేరు శిలాఫలకము లేదు. క్రొత్త వీథులు వెలసినప్పుడు కామాఠీల పేరు నిలుపుమని అడుగుట అక్కడి తెలుగు సంఘముల కర్తవ్యము.

వర్లీ నేర్పిన పాఠము

బి.డి.డి. చాళ్ల పునర్నిర్మాణమునకు 2017లో శంకుస్థాపన జరిగెను. 160 చదరపు అడుగులకు బదులు 500 చదరపు అడుగులు అను మాట విని సంతోషించినవారు కలరు, సంశయించినవారును కలరు. ఎవరు అర్హులు, ఏ తేదీ వరకు నివసించినవారిని లెక్కింతురు, నిర్మాణ కాలమున ఎక్కడ ఉండవలెను, నలుబది అంతస్తుల మేడలో లిఫ్టు ఖర్చు ఎవరు భరింతురు — ఈ ప్రశ్నలు చాళునుండి చాళునకు వాదములు రేపినవి. చాళ్లలో నివసించు పోలీసు కుటుంబములకు ఇల్లు ఉచితము కాదనిరి. 2022లో మొదట 50 లక్షల రూపాయలనిరి. పిదప 25 లక్షలనిరి. తుదకు 15 లక్షలకు దించిరి. ఒక్క సంవత్సరములో మూడు ధరలు. కుటుంబములు కలిసి నిలిచి అడిగినందువలననే ధర దిగినదని వేరుగ చెప్పనక్కరలేదు. వర్లీలో మొదటి 556 కుటుంబములకు 2025 ఆగస్టులో తాళపుచెవులు అందినవి. శంకుస్థాపనకును మొదటి తాళపుచెవికిని నడుమ ఎనిమిదేండ్లు గడచినవి.

ఇల్లు పెద్దదగుట నిస్సందేహముగా లాభము. కాని జె. పి. ఆర్ అడిగిన వెలుతురు ప్రశ్న నేటికిని తీరలేదు. ముంబయి తూర్పు భాగమున మురికివాడల వారికై దగ్గర దగ్గరగా కట్టిన మేడల కాలనీలను గూర్చి 2018లో ఒక పరిశీలన వెలువడెను. ఎండ గాలి చొరని క్రింది అంతస్తులవారిలో క్షయరోగము అధికమని అది సూచించెను. నేలవిలువ పెరిగిన నగరమున, అమ్మకపు మేడలకు చోటు మిగిల్చుటకు పేదల మేడలను ఇరికించుట సులభము. చదరపు అడుగులను లెక్కించు సంఘములు మేడకును మేడకును నడుమ దూరమును గూడ లెక్కింపవలెను.

షోలాపురపు మార్గము

ఇంతవరకు చెప్పిన పథకములన్నియు పైనుండి వచ్చినవి. క్రిందినుండి బయలుదేరినది షోలాపురమున జరిగెను. 1870వ దశకమున అచ్చట నూలు మిల్లు వెలసిన పిమ్మట తెలంగాణమునుండి పద్మశాలులు పెద్ద సంఖ్యలో వచ్చి చేరిరి. నగరపు తూర్పు భాగము నేటికిని తెలుగు మాటతో మ్రోగుచుండును. పురుషులు మగ్గములమీద, స్త్రీలు బీడీలు చుట్టుటలో శ్రమించిరి. ఇల్లే కార్ఖానా, ఆకు తడుపుట, కత్తిరించుట, పొగాకు నింపి చుట్టుట అంతయు ఒంటి గదిలోనే. పసిబిడ్డ పండుకొన్న చోటనే పొగాకు ధూళి.

1966 నాటి బీడీ కార్మికుల చట్టము, 1976 నాటి సంక్షేమనిధి చట్టము వచ్చిన తరువాత బీడీ చుట్టు స్త్రీకి గుర్తింపు కార్డు అను ఆధారము లభించెను. చిన్న అట్టముక్కయే, కాని దానితో ఆమె ప్రభుత్వపు లెక్కలోనికి ఎక్కెను. పద్మశాలి కుటుంబమున జనించి, షోలాపురమునుండి పలుమారులు శాసనసభకు ఎన్నికైన కమ్యూనిస్టు నాయకుడు నర్సయ్య ఆడం ఈ స్త్రీలను కూడగట్టి గృహనిర్మాణ సహకార సంఘమును నిలిపెను. వర్లీ గిరిజనోద్యమ నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరు దానికి పెట్టిరి. కేంద్ర ప్రభుత్వము, రాష్ట్ర ప్రభుత్వము, కార్మికురాలు — ఈ మువ్వురి వాటాలతో నగరమునకు వెలుపల అక్కల్‌కోట మార్గమున కుంభారివద్ద 10,000 ఇండ్లు కట్టిరి. 2006లో నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ వాటిని కార్మికురాండ్రకు అప్పగించెను. ఆ దారినే అసంఘటిత కార్మికులకై 30,000 ఇండ్ల రే నగర్ పథకము నడచెను. అందు మొదటి 15,000 ఇండ్లను 2024 జనవరి 19వ తేదీన ప్రధానమంత్రి నరేంద్ర మోదీ అందజేసెను. వేరు వేరు పక్షముల ప్రభుత్వములు మారినను కార్మికుల సంఘము మారలేదు. కావున పని సాగెను.

ఇందును చిక్కులు లేకపోలేదు. నేల చవుకగా దొరకునది ఊరి వెలుపలనే గాని నడుమ కాదు. బడి, ఆసుపత్రి, బస్సు, నీరు అన్నియు క్రొత్తగా సమకూర్చుకొనవలెను. మగ్గమునకో అంగడికో పోవు పురుషునికి రానుపోను ఖర్చు పెరిగెను. ఇంటివద్దనే పనిచేయు స్త్రీకి ఈ దూరము అంత బాధింపదు. బయట పనిచేయువానికి బాధించును. బొంబాయి వాడు నడుమ నేలను వదలడు, ఏలన అతని పని అచ్చట కలదు. షోలాపురపు బీడీ కార్మికురాలు వెలుపలికి పోగలిగెను, ఏలన ఆమె పని ఆమెతో వెంట వచ్చును. కావున ఒకచోటి పద్ధతిని మరియొకచోట మక్కికి మక్కిగా దింపరాదు. కాని ఒక్కటి మాత్రము అన్ని చోట్లకును వర్తించును: షోలాపురమున జాబితాను వ్రాసినది కార్మికుల సంఘము, ప్రభుత్వము దానిని సరిచూచెను. బొంబాయిలో జాబితాను వ్రాసినది కార్యాలయము; జనులు దానిని సవాలు చేయుచు కోర్టులచుట్టు తిరిగిరి.

మనవారికి విన్నపము

పరరాష్ట్రములలో తరములుగా నివసించు మన కుటుంబములలో పెక్కుమంది పాత పేటలలోనే యున్నారు. ఆ పేటలన్నియు ఇప్పుడు నగరముల నడిబొడ్డున చేరి విలువైన నేలలైనవి. నేడో రేపో పునర్నిర్మాణము వాటి గడప త్రొక్కక మానదు. అప్పుడు ‘వద్దు’ అని భీష్మించుటయు, ‘ఏమిచ్చిన అది చాలు’ అని సంతకము చేయుటయు రెండును హానికరములే. మన సంఘములు పండుగలకును సన్మానములకును చూపు శ్రద్ధలో కొంత భాగము దీనికి వినియోగింపవలెను. ప్రతి సంఘమును తన పేటలోని తెలుగు కుటుంబముల పట్టికను, యజమాని అద్దెదారు ఉపఅద్దెదారు అను భేదము లేకుండ, వ్రాసి ఉంచవలెను. అద్దె రసీదులు, రేషను కార్డులు, కరెంటు బిల్లులు, బడి సర్టిఫికెట్లు భద్రపరచుకొనుమని ప్రతి యింటికిని చెప్పవలెను. పథకము ముసాయిదా వెలువడిన నాడే దానిని తెలుగున వివరించి, అభ్యంతరములను గడువులోపల లిఖితముగా పంపవలెను.

అన్నిటికంటె ముఖ్యముగా ఒక మాట. మనలో ఇల్లు గలవాడును, ఆ యింట అద్దెకున్నవాడును, అతని గదిలో మూల పట్టుకొన్న క్రొత్త వలసకూలియు, మువ్వురును ఒకే నేలనుండి వచ్చినవారు కావచ్చును. పథకము వచ్చినప్పుడు ఆ మువ్వురు వేరు వేరు బల్లలచుట్టు కూర్చున్నచో చివరివాడు ఓడిపోవును. అతడు ఓడిన పిమ్మట రెండవవాని వంతు వచ్చును. ఒకే సంఘమున కూర్చుండి తమలోని తగవును ముందు తామే తీర్చుకొన్నచో, ఆ పట్టికలో మువ్వురి పేర్లును ఉండును. కామాఠీపుర సందులలో మన పూర్వులు ఇతరులకొరకు గోడలు లేపిరి. వారి మనుమలు తమ పేరు లెక్కలో వ్రాయించుకొనుట మొదట చేయవలసిన పని. గోడల మాట ఆ తరువాత.